మూడో ఆకు

పేడతట్ట నెత్తిన పెట్టుకున్న యువరాజును మీరెక్కడా చూసి ఉండరు. మణిమేఖలా రాజ్యానికి కాబోయే ప్రభువు హేమాంగదుడు ఆ ఉదయం సరిగ్గా ఆ అవతారంలోనే ఉన్నాడు. గోచీ బిగించి, ఒంటినిండా బూడిద పూసుకుని, కరాళగంధుడనే మాంత్రికుడి ఉద్యానవనం ముందు ఎరువు కూలీల వరసలో నిలబడ్డాడు. తట్టలో పేడ కింద కత్తి ఉంది. భుజాన గునపం ఉంది. ముక్కు మాత్రం ఆకాశంలో ఉంది.

"ముక్కు దించండి దొరా," అంది వెనక నిలబడిన దవన గొంతు తగ్గించి. "కూలివాడికి పేడకంపు తెలీదు. మీ ముక్కే మనల్ని పట్టిచ్చేట్టుంది."

"తట్టా నేనే, గునపమూ నేనేనా? నీ నెత్తిన చూస్తే రెండు పిడకలకు సరిపడా లేదు!"

"తట్ట ఇలా ఇవ్వండి, మోస్తాను. గునపం మాత్రం ముట్టను. బయల్దేరేముందే చెప్పానుగా."

చెప్పిన మాట నిజమే. దవనది వనగణకుల వంశం. రాజ్యంలో మొలిచిన ప్రతి మొక్కకూ కులం తేల్చి పేరు పెట్టడం వాళ్ళ వృత్తి. ఆకు ఈనెలు బారులు తీరాయా, వలలా అల్లుకున్నాయా చూస్తారు. రేకులు మూడా, ఐదా అని లెక్కపెడతారు. గింజ పగిలితే ఒంటిబద్దా, జంటబద్దా అని అడుగుతారు. రంగునూ వాసననూ నమ్మరు, అవి పువ్వు పెట్టుకున్న నగలంటారు. అయితే చూసేదంతా నేలకు పైనే చూడాలి. వేరు జోలికి పోకూడదు. "పువ్వు మొక్కకు మొహం, వేరు మొక్కకు మానం" అని పన్నెండో ఏట పెద్దల ముందు చెప్పి, ఇనుముతో వేరును తాకనని ఒట్టు వేశాకే వాళ్ళకు ఒక మొక్క పేరు దక్కుతుంది. ఒట్టు తప్పితే ఆ పేరు పోతుంది. పేరు పోయినదాన్ని కన్నతల్లి కూడా "ఓసీ" అనే పిలవాలి.

దవన అన్న మోదుగ ఐదు రోజుల కిందట ఈ తోటలో కొత్త మొక్కల కులాలు తేలుద్దామని వచ్చి తిరిగి వెళ్ళలేదు. మాంత్రికుడు అతన్ని నాటేశాడని పారిపోయి వచ్చిన కూలి ఒకడు చెబితే, దవన మొర విని యువరాజు తానే కత్తి పట్టి తోడు వచ్చాడు. నాటడమంటే నాటడమే. నడుందాకా మట్టిలో పాతితే మనిషికి వేళ్ళు దిగుతాయి. నడినెత్తిన రెండు ఆకులు వస్తాయి. అవి వచ్చిన మూడో మధ్యాహ్నం మూడో ఆకు విచ్చుకుంటుంది. అది విచ్చుకుందా, ఇక వాడు మనిషి కాడు. మోదుగకు రెండు ఆకులూ మొన్ననే వచ్చాయి. మూడో మధ్యాహ్నం ఈరోజే. ఇప్పటికే బారెడు పొద్దెక్కింది.

అంత తొందరలోనూ దవన నడుములో ఒక అరటాకు ముక్క దోపుకుని ఉంది. దారిలో యువరాజు చద్దిమూట విప్పినప్పుడు కంటపడింది. నడిమి ఈనె ఊదారంగు! అలాంటి అరటి ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఎక్కడిదండీ ఈ ఆకు?" అని అప్పుడే అడిగింది.

"మా అమ్మ పెరట్లోది. ఈమధ్య ఆవిడకు ఆ అరటి తప్ప లోకం లేదు, పొద్దస్తమానం దాని మొదట్లోనే కూర్చుంటుంది," అని అతను నవ్వాడు. ఇంటికి వెళ్ళాక దాని జాతేమిటో తేల్చుకుందామని ఆమె దాచుకుంది. పిచ్చి అంటే ఇలా ఉండాలి!

కిర్రుమంటూ తలుపులు తెరుచుకున్నాయి.

ఆహా, ఏమి తోట అది! ఎడమ పక్క ఒంటిబద్ద కులాలు, మొగలి పొదలూ, మూడేసి రేకుల నీలికలువల లాంటి వింతపూలూ, మనిషెత్తు గడ్డిపరకలూ. కుడి పక్క జంటబద్ద కులాలు, పందిళ్ళకెక్కిన తీగలూ, కుంకుమ పోసినట్టు పూసిన కొమ్మలూ, తేనె బరువుకు వంగిన గుత్తులూ. కాలవల్లో నీళ్ళు గలగలమంటున్నాయి. తుమ్మెదలు మత్తెక్కి నేలమీద దొర్లుతున్నాయి. స్వర్గాన్ని తెచ్చి ఇక్కడ పరిచారా అనిపించేది, ప్రతి మొక్క మొదట్లోనూ మనిషి మొహం ఒకటి కళ్ళు మూసుకుని లేకపోతే.

హేమాంగదుడు పళ్ళు కొరికాడు. దవన అతని మోచేతిని గిల్లింది. "తర్వాత కోపగించుకోండి. ముందు నడవండి."

దారి తెల్లని బాకా పూల మధ్యగా పోతోంది. కమ్మటి వాసన వస్తోంది. పొద్దుట్నుంచి పేడకంపు భరిస్తున్న మన యువరాజు ప్రాణం లేచొచ్చింది. ఒక పువ్వును వంచి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. దవన దాన్ని ఒక్క చరుపు చరిచింది.

"ఐదు రేకులు, ఐదూ అతుక్కుని గొట్టమయ్యాయి. ఆకు ఈనెలు వలలా ఉన్నాయి. ఇది వంగ కులం, ఉమ్మెత్తకు పెద్దక్క!"

"వంకాయ కులమా? అది కూర వండుకునేదేగా!"

"కూరకొచ్చే చుట్టాలూ ఉంటారు, కాటికి పంపే చుట్టాలూ ఉంటారు. కులం ఒకటైతే గుణం ఒకటవుతుందా? ఊపిరి బిగబట్టండి."

ముందు నడుస్తున్న కూలివాడికి ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. వాడు నిండుగా వాసన పీల్చి, పకపకా నవ్వి, తట్ట విసిరేసి, ఎవరో పిలిచినట్టు చేతులు చాచుకుని ముళ్ళకంచె మీదికి పరుగెత్తాడు. కంచె వాణ్ణి కౌగిలించుకుంది. ముళ్ళు వీపులోంచి బయటికొచ్చాయి. వాడింకా నవ్వుతూనే చచ్చిపోయాడు. మిగతా కూలీలు తలలు వంచుకుని, అలవాటైన పనిలా వాడి పక్కనుంచి నడిచిపోయారు.

బాకా పూలు దాటాక ఒక పెద్ద పందిరి వచ్చింది. దాని కింద ఇరవైమంది ముళ్ళభటులు కాపలా ఉన్నారు. వాళ్ళ ఒంటిమీద వెంట్రుకలుండాల్సిన చోట రేగుముళ్ళున్నాయి. వాళ్ళ నాయకుడు హేమాంగదుణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఏరా, కొత్తోడివా? తట్ట దింపు."

వాడు ఈటెతో పేడను పొడిచాడు. ఖంగుమంది.

"పేడకు ఎముకలుంటాయేంట్రా?" అన్నాడు నాయకుడు.

"మా ఊరి ఎడ్లు గట్టివండీ," అని హేమాంగదుడు పేడంతా వాడి మొహాన కొట్టి, గునపం కింద పారేసి, కత్తి లాగాడు. మొదటి వేటుకు నాయకుడి చెయ్యి ఈటెతో సహా ఎగిరిపడింది. రెండో వేటు పక్కవాడి మెడ మీద పడింది. ముగ్గురు ఒక్కసారి పైబడితే కిందపడి, దొర్లి, ఒకడి కడుపులో కత్తి దింపి లేచాడు. ముళ్ళు గీరుకుని ఒళ్ళంతా నెత్తురు కారుతోంది. ఎంత వీరుడైనా ఇరవైమందికి ఒక్కడు ఎంతసేపు ఆగుతాడు? భటులు చుట్టూ గుండ్రంగా మూగారు.

దవన అటు చూడలేదు, పందిరి వైపు చూసింది. పైన పడగంత పూలు. పై రేకు జెండాలా లేచి ఉంది, పక్క రేకులు రెండూ రెక్కలు, కింది రెండూ కలిసి పడవ. చిక్కుడు కులం! ఆ పూల వెనక నిలువెత్తు కాయలు ఎండి గలగలమంటున్నాయి. ఈ కులంలో ఎండిన కాయ రెండు అంచులా పగిలి, మెలిపడి, గింజల్ని విసురుతుంది. ఇంటి పెరట్లో గింజ బఠాణీ అంత, ఇక్కడ ఒక్కోటి రోకటి పొన్నంత గట్టిగా, కొబ్బరికాయంత పెద్దగా ఉంది.

"దొరా, పడుకోండి! నేలకు అతుక్కోండి!" అని అరిచి, ఆమె పందిరి గుంజ చాటుకు చేరి దానికి కట్టిన తాడు పట్టుకుని బలంగా ఊపింది.

ఒక కాయ పగిలింది. ఆ అదురుకు పక్కది పగిలింది. ఆ తర్వాత లెక్కలేదు. పిడుగులు పడుతున్నట్టు చప్పుడు. గింజలు భటుల తలలమీద, రొమ్ములమీద తగిలి అటునుంచి ఇటు దూసుకుపోయాయి. చప్పుడు ఆగేసరికి పందిరి కింద నిలబడినవాడు ఒక్కడు లేడు. హేమాంగదుడు ఒక శవం కిందనుంచి పాక్కుంటూ వచ్చాడు.

"ముందే చెప్పొచ్చుగా!"

"ముందే చెప్తే మీరు కత్తి తియ్యకుండా ఉండేవారా?" అంది దవన. అతను గునపం అందుకుని ఆమె వెంట పరుగెత్తాడు.

తోట నడిబొడ్డున, ఎర్రమట్టి చదునులో, మోదుగ నడుందాకా పాతిపెట్టి ఉన్నాడు. చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. పెదాలు పచ్చబడ్డాయి. నడినెత్తిన జుట్టు మధ్యలోంచి దళసరి గుండ్రటి ఆకులు రెండు లేచి ఉన్నాయి. అతనికి బారెడు దూరంలో మేడెత్తు అరటి ఒకటి, గాలికి చీలికలైన ఆకులు ఊపుతూ నిలబడి ఉంది. దాని పువ్వు ఆంబోతు తలంత ఉంది.

"అన్నా!" అని దవన మోకాళ్ళమీద పడింది.

మోదుగ కష్టం మీద కళ్ళు తెరిచాడు. చెల్లెల్ని చూసి నవ్వబోయాడు. "వచ్చావా చెల్లీ? నా కులం తేల్చావా?"

"జంటబద్ద. ఇవి బద్దాకులే, అసలాకు ఇంకా రాలేదు. రాదు, నేను రానివ్వను!"

హేమాంగదుడు ఆ రెండు ఆకులనే గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఏదో అనబోయి ఆగాడు.

ఇద్దరూ చెరో చంకలో చెయ్యి వేసి లాగారు. మోదుగ ఎడమకాలు కొంచెం కదిలింది. కుడికాలు కదల్లేదు.

"కింద ఏదో పట్టుకుంది చెల్లీ, వదలటం లేదు," అన్నాడు మోదుగ మూలుగుతూ.

"ఎలా వదుల్తుందిరా, ఐదు రోజులుగా నీరు పోస్తుంటే?"

కరాళగంధుడు వచ్చాడు. పొడుగాటి మనిషి. ఒళ్ళు లేతాకుపచ్చ. అంగీ మీద అంగీ, దాని మీద అంగీ, ఎన్ని తొడుక్కున్నాడో లెక్కలేదు. చేతిలో ఆయుధం లేదు. వేళ్ళ చివర జానెడేసి గోళ్ళు మాత్రం ఉన్నాయి.

"యువరాజా! ఎరువు మోసుకొచ్చావు, సంతోషం. ఎరువు కూడా నువ్వే అవుదువుగాని రా," అన్నాడు.

హేమాంగదుడు మాటల మనిషి కాదు. ఒక్క దూకులో మాంత్రికుడి తల నరికాడు. తల దొర్లిపోయింది. నెత్తురు రాలేదు, నీళ్ళలాంటి రసం బుడబుడమని చిమ్మి అతని గోచీని తడిపింది.

"ఇంతేనా వీడి ప్రతాపం?" అంటూ చెయ్యి దులుపుకోబోయాడో లేదో, మోదుగకు తూర్పుపక్క మట్టి పొంగింది. అందులోంచి ఆకుపచ్చటి చుట్ట ఒకటి నిటారుగా లేచి, మొవ్వాకులా విచ్చుకుంది. లోపల కరాళగంధుడు! గోళ్ళతో యువరాజు వీపు చీరేశాడు.

హేమాంగదుడు తిరిగి అడ్డంగా నరికాడు. వాడు రెండు ముక్కలయ్యాడు. ఈసారి దక్షిణాన మట్టి పొంగింది. మూడోసారి గుండెలో పొడిచి, తిప్పి, పైకి చీల్చాడు. పడమట మట్టి పొంగింది. చంపేకొద్దీ వాడు నవనవలాడుతున్నాడు, చంపేవాడు నీరసపడుతున్నాడు.

దవన చూపు యువరాజు గోచీ మీద ఆగింది. ఇందాక నీళ్ళలా పడిన రసం ఇప్పుడు నల్లటి మరకైంది. పడి ఉన్న మొండెం వైపు చూసింది. తెగిన మెడలో ఎముక లేదు. పొరమీద పొర, పొరమీద పొర, చుట్టచుట్టుకుని ఉంది.

"దొరా, ఇది అరటి కర! ఏ చాకలీ వదిలించలేడు దీన్ని. వీడు అరటి!" అని కేకపెట్టింది. "చెట్టుకైతే లోపల చేవ ఉంటుంది. అరటికి కర్రే లేదు, ఆకు మట్టలే చుట్టుకుని బోదెలా నిలబడతాయి. నరికితే పక్కన పిలక లేస్తుంది!"

"అయితే చచ్చేదెలా?" అని అరిచాడు హేమాంగదుడు, నాలుగోసారి గోళ్ళను కత్తితో ఆపుతూ.

"పువ్వు కొట్టండి!"

అతను వెనక్కి దూకి, ఆ ఊపులోనే వేలాడుతున్న అరటిపువ్వు కాడను నరికాడు. పువ్వు దభీమని దవన ముందు పడింది.

"నువ్వు ఒలువు, నేను వీణ్ణి ఆపుతాను!"

ఎర్రటి డొప్ప ఒకటి ఊడదీసింది. జనం ఆ డొప్పల్ని చూసి పువ్వంటారు. కాదు, అవి ఒట్టి కాపలా ఆకులు. అసలు పూలు వాటి చాటున రెండు వరసలుగా దాక్కుంటాయి. అరటిపువ్వు కూర వండే ప్రతి ఇల్లాలికీ ఇది తెలుసు. ఒక్కో పువ్వులోంచి ఉడకని కాడను ఏరి పారేస్తుంది, దాన్ని దొంగ అంటుంది. ఆ దొంగ చుట్టూ కేసరాలు నిలబడతాయి. ఒంటిబద్ద కులాల్లో అన్నీ మూడు, లేదా ఆరు. అరటికి మాత్రం కేసరాలు ఐదే. ఆరోదాని చోటు ఖాళీ. చిన్నప్పటినుంచీ దవనను వేధించిన ఖాళీ అది. ప్రాణం దాచాలనుకున్నవాడు అంతకన్నా మంచిచోటు ఎక్కడ వెతుకుతాడు?

డొప్ప తర్వాత డొప్ప చీల్చింది. ఐదు. ఐదు. ఐదు. గోళ్ళు పగిలి నెత్తురొచ్చింది. వెనకాల యువరాజు అరుపు, మాంత్రికుడి నవ్వు వినపడుతున్నాయి. ఐదు. ఐదు. తొమ్మిదో డొప్ప కింద, ఏడో పువ్వులో, దొంగ పక్కన ఆరు కేసరాలు! ఆరోది బంగారపు తీగలా వణుకుతోంది.

పళ్ళతో పుటుక్కున కొరికేసింది.

కరాళగంధుడు గావుకేక పెట్టి, ఉన్నచోటనే ఎండి, వడిలి, కుప్పకూలాడు. దవన అన్నను కౌగిలించుకుని భోరుమంది. హేమాంగదుడు కత్తి నేలకానించి, "శాస్త్రం గెలిచింది, కండ ఓడింది, ఒప్పుకుంటున్నాను!" అని పడీపడీ నవ్వాడు.

ఉత్తరాన మట్టి పొంగింది.

ఎవరూ చూడలేదు. చూసేసరికి మాంత్రికుడి ఐదు గోళ్ళూ యువరాజు కుడిభుజంలోంచి ముందుకు వచ్చి ఉన్నాయి.

"ఆ ఆరో కేసరం మీ వనగణకుల కోసమనే పెంచానే పిల్లా!" అన్నాడు కరాళగంధుడు, హేమాంగదుణ్ణి మోకాలితో నేలకదిమి. "పువ్వు దాటి చూడరుగా మీరు! ఇన్ని అరటిపళ్ళు తిన్నావు, ఎప్పుడైనా పంటికింద గింజ తగిలిందా?"

దవన తెగిపడిన పువ్వు వైపు చూసింది. గింజ లేదు. గింజే లేని మొక్కకు పువ్వులో ప్రాణమెందుకుంటుంది? పుప్పొడి వృథా, అండకోశం వృథా, అంత అందమూ వృథా. అరటి బతికేది మట్టి కింద, దుంపలో. తరతరాల వనగణకులు దాని పువ్వు చూసి మురిసిపోయారు గానీ ఒక్కరూ దుంపను చూడలేదు. చూడకూడదు కాబట్టి. ఆ సంగతి తెలిసే వాడు అక్కడ దాక్కున్నాడు.

తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. నాలుగు పిలకలూ లేచిన చోట్లు చూసింది. నాలుగింటి నడుమ ఉన్నది మోదుగ. వదలని కుడికాలు!

గునపం యువరాజు పడేసిన చోట మెరుస్తోంది.

ఆమెకు ఏడుపొచ్చింది. పన్నెండో ఏట తండ్రి చేతిలో చెయ్యి పెట్టి చెప్పిన ఒట్టు గుర్తొచ్చింది. 'దవన' అని ఆయన మొదటిసారి పిలిచిన పిలుపు గుర్తొచ్చింది. ఇక ఆ పిలుపు ఉండదు.

"అన్నా, ఇనుము..." అంది.

"తెలుసు," అన్నాడు మోదుగ. అతని నెత్తిన రెండు ఆకుల నడుమ సూదిమొనంత పచ్చటి చివర తొంగిచూసింది. సూర్యుడు నడినెత్తికి జానెడు దూరంలో ఉన్నాడు. "పేరు పోతుంది. పోనీ. నేనుంటాను కదా, ఏదో ఒకటి పెట్టి పిలుస్తాను. తవ్వు!"

ఆమె గునపం అందుకుంది. మొదటి పోటు పొడిచేటప్పుడు కళ్ళు మూసుకుంది, రెండో పోటుకు తెరిచింది, ఆ తర్వాత రాక్షసిలా తవ్వింది. మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. "తవ్వకే! అది పాపమే! మీ పెద్దల ఒట్టే!" అని కరాళగంధుడు మొదటిసారి వణికిన గొంతుతో అరిచి, ఆమె మీదికి లేవబోయాడు. హేమాంగదుడు తన భుజంలో దిగిన ఆ చేతినే ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, లేవనివ్వలేదు. గోళ్ళు ఇంకా లోపలికి దిగాయి. అతను పట్టు వదల్లేదు.

రెండడుగుల లోతున తెల్లటి దుంప బయటపడింది. అది గుండెలా కొట్టుకుంటోంది. మోదుగ కుడికాలు మోకాలి కిందినుంచి దానిలోకి కలిసిపోయి ఉంది. ఎక్కడ కాలో, ఎక్కడ దుంపో తెలియడం లేదు. ఆ సందు చూసి కొట్టడానికి గునపం పనికిరాదు.

"దొరా, కత్తి!"

అతనికున్న ఒక్క ఆయుధం అది, పక్కనే పడి ఉంది. హేమాంగదుడు క్షణం కూడా ఆలోచించకుండా కాలితో తన్ని ఆమె వైపు నెట్టాడు.

"కొట్టు చెల్లీ," అని మోదుగ పళ్ళు బిగించాడు.

కొట్టింది. మోకాలి కింద, ఒకే వేటు. మోదుగ అరుపుకు తోటలోని తుమ్మెదలన్నీ లేచిపోయాయి. తెగిన కాలిలోంచి ఎర్రగా, వెచ్చగా చిమ్మింది.

"నెత్తురు! అన్నా, నెత్తురే! రసం కాదు, నీది నెత్తురే!" అని ఆమె ఏడుస్తూ నవ్వుతూ, అదే ఊపులో కత్తి తిప్పి దుంప మీద వేసింది. అది రెండుగా చీలింది. మళ్ళీ వేసింది. ముక్కలైనా వేస్తూనే ఉంది.

కరాళగంధుడు హేమాంగదుడి మీదే పొరలు పొరలుగా విడిపోయాడు. ఒక్కో అంగీ ఊడిపడింది. అన్నీ ఊడాక లోపల ఏమీ లేదు. చివరికి మిగిలిన మొహం మాత్రం మట్టిలో పడి, ఇంకా పెదాలు కదుపుతోంది.

"దుంప... ఒక్కటేననుకున్నారా?" అని నవ్వి, కుళ్ళిపోయింది.

మేడెత్తు అరటి మొదలంటా కూలింది. చుట్టుపక్కల రెండాకులవాళ్ళు దగ్గుతూ మట్టిలోంచి చేతులు బయటికి తీశారు. మూడాకులు దాటినవాళ్ళు కదల్లేదు. వాళ్ళ పూలు మాత్రం వరసగా తలలు వాల్చాయి. మోదుగను పైకి లాగి, అరటినార పేని కాలికి బిగించి కట్టారు. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. మోదుగ తలమీది ఆకులు రెండూ పండి రాలిపోయాయి. మూడోది విచ్చుకోనే లేదు.

కూలిన అరటి ఆకు ఒకటి ఆమె ఒళ్ళో పడింది. ఆమె దాన్ని చూసింది. నడిమి ఈనె ఊదారంగు.

నడుములో దోపుకున్న ముక్క తీసి పక్కన పెట్టింది. రెండూ ఒకటే.

"దొరా," అంది మెల్లగా, "మీ అమ్మగారి పెరట్లో అరటి ఎవరు నాటారు?"

భుజానికి గుడ్డ చుట్టుకుంటున్న హేమాంగదుడి చెయ్యి ఆగిపోయింది. "నేనే. నెల కిందట ఒక యోగి వచ్చి పిలక కానుకగా ఇచ్చాడు. అమ్మ ముచ్చటపడితే నా చేత్తోనే నాటాను." అతని మొహంలో రంగు పోయింది. "నిన్న పొద్దున నేను బయల్దేరేటప్పుడు దాని మొదట్లోంచి లేవకుండానే దీవించడానికి తల వంచింది. నడినెత్తిన రెండు లేతాకులున్నాయి. పూజలో పత్రి పడిందనుకుని తీయబోయాను. అబ్బా, నొప్పిరా అంది. నేను... నేను నవ్వాను."

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. నిన్న ఒకటి, ఈరోజు రెండు. మూడో మధ్యాహ్నం రేపే. రాజధాని ఒక పగలూ ఒక రాత్రీ గుర్రం ఆపకుండా పరుగెత్తితే వచ్చే దూరం.

"ఆ మొదట్లో ఆవిడ ఎలా కూర్చుంటారు?" అని అడిగింది.

"బాసింపట్టు వేసుకుని," అన్నాడు హేమాంగదుడు. అన్నాక ఆ మాటకు అర్థం అతనికి తెలిసింది. రెండు కాళ్ళూ.

"దవనా..." అని ఏదో అడగబోయాడు.

"ఆ పేరుతో పిలవకండి దొరా. అది ఇందాకే పోయింది." ఆమె లేచి, అన్నను ఆదుకోమని అప్పటికి పరుగెత్తుకొచ్చిన కూలీలకు సైగ చేసి, మట్టీ నెత్తురూ అంటిన గునపాన్ని భుజాన వేసుకుంది. "గుర్రాలు ఎక్కడ కట్టారో చూపించండి. ఇది ఇక నేనే మోస్తాను."